గుర్తు లేని కుండ

అనగనగా ఒక మడుగు. ఆ మడుగు పేరు నీలిమడుగు. దాని నిండా నీళ్ళున్నాయి, నీళ్ళ నిండా చేపలున్నాయి, చుట్టూ పదకొండు రేవులున్నాయి. రాజు మాత్రం లేడు.

ఎందుకు లేడంటే, పూర్వం ఆ మడుగును ఏలిన రాజహంస ముసలిదై, మంచుకొండల వైపు ఎగిరిపోతూ ఒక మాట చెప్పి వెళ్ళింది. "నా తర్వాత మీకు రాజు వద్దు. అయిదేళ్ళకొకసారి రేవుకొకరిని మీరే ఎన్నుకోండి. ఆ పదకొండుమందీ సభ కూడి మడుగును ఏలుకోండి" అని.

ఎన్నుకోవడం ఎలాగో చెబుతాను వినండి, పిల్లలూ. ప్రతి రేవులోనూ ఒడ్డున కుండలు పెడతారు. జట్టుకొక కుండ. కొంగల జట్టు కుండకు రెల్లుపువ్వు కడతారు. గూడబాతుల జట్టు కుండకు చేపముల్లు కడతారు. మడుగులో బతికే ప్రతి జీవీ ఒక ఖాళీ నత్తగుల్ల తెచ్చి తనకు నచ్చిన కుండలో వేస్తుంది. పొద్దు గుంకాక తాబేళ్ళు గుల్లలు లెక్కపెడతాయి. ఎవరి కుండలో ఎక్కువుంటే ఆ రేవు వాళ్ళది. సభలో ఎవరి బలం ఎక్కువైతే కొలువు వాళ్ళది.

ఒకసారి కొంగలు గెలిచేవి. ఒకసారి గూడబాతులు గెలిచేవి. కొంగలు గెలిస్తే ఒక ముద్ర పెట్టేవి. గూడబాతులు గెలిస్తే ఆ ముద్రను అలాగే ఉంచి, పక్కన ఇంకొకటి పెట్టేవి.

ముద్ర అంటే ఏమిటి? తడి బంకమట్టి ముద్ద మీద కొలువు ఉద్యోగి నొక్కిన కాలి గుర్తు. అది దగ్గరుంటేనే పని మొదలుపెట్టాలి. లేకపోతే శిక్ష.

మొదట గూటికి ముద్ర వచ్చింది. తర్వాత ఈతకు ముద్ర వచ్చింది. చివరికి కూతకు కూడా ముద్ర వచ్చింది. వాన పడిన సాయంత్రం కప్ప బెకబెకమనాలంటే ముందురోజే అర్జీ పెట్టుకోవాలి. రేపు వాన పడుతుందని కప్పకు ఇవాళ ఎలా తెలుస్తుంది? ఆ మాట ఎవరూ అడగలేదు.

గూటి ముద్ర మొదట మంచికే పుట్టింది. అదీ చెప్పాలి. ఒక ఏడు పిట్టలన్నీ వాగు నోటి దగ్గరే గూళ్ళు కట్టేసరికి, మడుగులోకి నీళ్ళు రాక చేపలు చచ్చాయి. "ఇకమీదట ఎక్కడ కట్టాలో మేము చూసి చెబుతాం" అన్నాయి కొంగలు. కొన్నేళ్ళకు చూడడం పోయింది. ఆ తర్వాత చెప్పడం పోయింది. ముద్ర మాత్రం మిగిలింది.

ఆ మడుగులో మొగలిరేవు దగ్గర, తుంగదుబ్బుల మధ్య ఒక నీటికోడి ఉండేది. దాని పేరు తుంగమ్మ.

నిరుడు తుంగమ్మ గూటి ముద్ర కోసం నలభై రోజులు వరసలో నిలబడింది. ముద్రల మెట్ట మీద ఉండే ఉద్యోగి ధవళయ్య అనే ముసలి కొంగ. ఒంటికాలి మీద కునుకు తీస్తూ, కన్ను విప్పకుండా "రేపు రా" అనేవాడు. రేపు వెళితే "మట్టి ఇంకా తడవలేదు" అనేవాడు. మర్నాడు వెళితే "మట్టి ఆరిపోయింది, కొత్తగా అర్జీ పెట్టు" అనేవాడు.

ఈలోగా వానలొచ్చాయి. గూడు లేని తుంగమ్మ కలువాకు మీదే నాలుగు గుడ్లు పెట్టింది. ఒక్క గాలి విసురుకు ఆకు తిరగబడింది. నాలుగూ మునిగిపోయాయి. ఈమధ్యే ఆమె పెనిమిటి ముద్రలు అడగని మడుగు ఎక్కడైనా ఉందేమో చూసివస్తానని ఎగిరిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఈ ఏడు తిరిగి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. ముద్ర రాలేదు. ఎన్నికలకు నలభై రోజులున్నాయి. వానలకూ ఇంచుమించు అంతే.

తుంగమ్మ కూర్చుని ఏడవలేదు. చిత్తడిరేవుకు వెళ్ళి కప్పల పెద్ద డప్పయ్యను కలిసింది.

"ఏం తమ్ముడూ, ఈ ఏడైనా పాడతారా మీరు?"

"ఎక్కడ పాడేదక్కా. గొంతు నాది. దాన్ని విప్పడానికి కొంగ కాలు కావాలి" అన్నాడు డప్పయ్య.

ఇద్దరూ కలిసి ఇసుకతిన్నె రేవుకు వెళ్ళారు. అక్కడ గంగన్న అనే నీటికుక్క ఒడ్డున పడుకుని తోకతో ఇసుక కొడుతున్నాడు.

"ఏం బావా, ఒడ్డునున్నావు?" అన్నాడు డప్పయ్య.

"ఈత ముద్ర గడువు నిన్నటితో అయిపోయిందట. నీళ్ళలో పుట్టినవాణ్ణి. నీళ్ళలోకి దిగడానికి నాకొకరు సెలవివ్వాలట" అన్నాడు గంగన్న.

అప్పుడు తుంగమ్మ మెల్లగా చెప్పింది. "మనం కూడా ఎన్నికల్లో నిలబడదాం. కొలువు పని కాపలా కాయడం. గద్ద వస్తే చెప్పాలి. వరద వస్తే చెప్పాలి. వాగు నోటి దగ్గర ఒక కర్ర పాతి, ఇక్కడ కట్టకండి అని చెప్పాలి. అంతవరకే. నా గూట్లోకీ, తమ్ముడి గొంతులోకీ, బావ ఈతలోకీ తొంగిచూడడం కొలువు పని కాదు. ఎవరి బతుకు వాళ్ళను బతకనిస్తే చాలు."

ఆ మాట మడుగంతా పాకింది. గిజిగాళ్ళు వచ్చాయి. పీతలు వచ్చాయి. నీళ్ళలో మునిగి తేలే బుడుబుంగలు వచ్చాయి. అలా ముద్రలొద్దు కూటమి పుట్టింది.

మొదటి చిక్కు గుర్తు దగ్గర వచ్చింది.

"కుండకు కలువాకు కడదాం" అన్నాడు డప్పయ్య.

"దాని మీద నువ్వు కూర్చుంటావు. నేను కూర్చుంటే నాతో పాటు మునుగుతుంది. జమ్ము ఆకు కడదాం" అన్నాడు గంగన్న.

"జమ్ము నాకు గుచ్చుకుంటుంది" అన్నాడు డప్పయ్య.

"నీ ఒళ్ళు అంత సుకుమారమని నాకు తెలియదులే బావా."

పీతలు తమ డెక్క గుర్తు కావాలన్నాయి. గిజిగాళ్ళు గడ్డిపరక అన్నాయి. ఒకరి గుర్తు ఒకరికి నచ్చదు. "నా నెత్తిన ఇంకొకరి గుర్తు రుద్దడానికి వీల్లేదు" అని అందరిదీ ఒకటే మాట. ఆరు రోజులు అలాగే గడిచాయి.

ఏడోరోజు తుంగమ్మ అన్నది: "మనం ముద్ర వద్దనేవాళ్ళం. అలాంటప్పుడు మన కుండకు గుర్తెందుకు? రెల్లుపువ్వున్నది కొంగలది. ముల్లున్నది గూడబాతులది. ఏమీ లేనిది మనది."

అందరికీ సంతోషమైంది. పరుగున పోయి తాబేటి తాతను అడిగారు. ఆ తాతే ఎన్నికల పెద్ద. ఆయన ఏ జట్టువాడూ కాదు. డిప్పలోంచి మెడ బయటకు చాచి చాలాసేపు ఆలోచించాడు.

"గుర్తు ఉండితీరాలని రాజహంస చెప్పలేదు. కాబట్టి మీ కుండ చెల్లుతుంది. కానీ ఒకటి వినండి. గుర్తున్న కుండ తన సంగతి తానే చెప్పుకుంటుంది. గుర్తు లేని కుండ ఎవరిదో ఎలా తెలుస్తుంది? పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా మీవాళ్ళొకరు దాని పక్కనే కూర్చోవాలి. లేవకూడదు. లేచారా, అది ఒట్టి కుండ. బోర్లిస్తాను. గుల్లలు చెల్లవు."

"అంతేనా తాతా" అన్నారు అందరూ.

"అంతే" అన్నాడు తాత. "చూడడానికి చిన్నదే."

రెండో చిక్కు అక్కడే మొదలైంది.

ఎన్నికలకు మూడు రోజుల ముందు ఇసుకతిన్నె మీద కూటమి సభ పెట్టింది. నీలిమడుగులో అంత గుంపు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గంగన్న మాట్లాడితే చప్పట్లు. డప్పయ్య మాట్లాడితే ఈలలు. పదకొండు రేవులూ మనవే అనుకున్నారు.

తుంగమ్మ ఇసుక మీద కాలితో పదకొండు గీతలు గీసింది. "పదకొండు కుండలున్నాయి. ఏ కుండ దగ్గర ఎవరు కూర్చుంటారో ఇప్పుడే అనుకుందాం" అన్నది.

డప్పయ్య ముఖం ముడుచుకున్నాడు. "జాబితా రాస్తున్నావా అక్కా? ఫలానావాడు ఫలానాచోట కూర్చోవాలా? మరి ఆ ధవళయ్యకూ నీకూ తేడా ఏముంది? ముద్రలు వద్దని బయల్దేరి కొత్త ముద్ర చేస్తున్నావు."

"నిజమే" అన్నాడు గంగన్న. "మన కూటమిలో ఒకరు ఇంకొకరికి పని చెప్పడం ఉండదు. ఎవరికి నచ్చిన కుండ దగ్గర వాళ్ళు కూర్చుంటారు. ఇంతమందిమి ఉన్నాం. పదకొండు కుండలకు మనుషులు దొరకరా?"

గుంపంతా "అవును, అవును" అన్నది. గంగన్న తోకతో ఒక్క విసురు విసిరితే ఇసుక మీది గీతలు చెరిగిపోయాయి.

తుంగమ్మ చెరిగిన గీతల వైపు చూసింది. "సరే. నేనెవరికీ పని చెప్పను. నా సంగతి మాత్రం చెబుతాను. మొగలిరేవు కుండ దగ్గర నేను కూర్చుంటాను. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా. ఇది నా మాట" అన్నది.

చెప్పి అటూ ఇటూ చూసింది. ఇంకెవరైనా అలా చెబుతారేమోనని కాసేపు ఆగింది. ఎవరూ చెప్పలేదు. అప్పటికే గుంపు పాటలు మొదలుపెట్టింది.

ఎన్నికల రోజు తెల్లవారింది.

తుంగమ్మ మొగలిరేవులో గుర్తు లేని కుండ పక్కన కూర్చుంది. ఒళ్ళు బరువుగా ఉంది. గుడ్డు పెట్టే వేళ దగ్గరపడిందని ఆమెకు తెలుసు. కూర్చున్నా ముక్కు ఊరుకోలేదు. కదలకుండా అందినంత మేర గడ్డి లాగి, తన చుట్టూ పేర్చుకుంటూనే ఉంది.

మొదట ఎండ వచ్చింది. వైశాఖపు ఎండ. ఒడ్డు పెనంలా కాలింది. నీటికోడికి నీళ్ళే ప్రాణం. నీళ్ళు పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఒక్క మునక వేసి వస్తే చాలు. కానీ పైన రాతి మీద తాబేటి తాత కూర్చుని చూస్తున్నాడు. తుంగమ్మ లేవలేదు. గుల్ల వేయడానికి వచ్చిన ఒక ముసలి పీత ఆమె నోరు తెరుచుకుని రొప్పుతుండడం చూసింది. తిరిగి వెళ్ళి తన గుల్ల నిండా నీళ్ళు తెచ్చి ఆమె వీపు మీద పోసింది. తర్వాతే గుల్లను కుండలో వేసింది. ఆ వెనక వచ్చినవాళ్ళందరూ అలాగే చేశారు. గుల్లెడు నీళ్ళు వీపు మీద, గుల్ల కుండలో.

తర్వాత ధవళయ్య వచ్చాడు. ఎన్నడూ ముద్రల మెట్ట దిగని కొంగ, ఆ మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చాడు.

"తుంగమ్మా, నీ అదృష్టం పండింది. నీ గూటి ముద్ర తయారైంది" అన్నాడు.

"ఇక్కడికి పంపించండి అయ్యగారూ" అన్నది తుంగమ్మ.

"అది కుదరదమ్మా. అర్జీ పెట్టినవాళ్ళు స్వయంగా వచ్చి అందుకోవాలి. మట్టి ఇప్పుడు తడిమీదుంది. ఇంకో ఘడియకు ఆరిపోతుంది. ఆరితే మళ్ళీ నలభై రోజులు. నీ ఒళ్ళు చూస్తే నలభై ఘడియలు కూడా ఆగేట్టు లేవు."

తుంగమ్మకు నిరుటి కలువాకు కళ్ళముందు తిరిగింది. తిరగబడిన ఆకు, దాని కింద నీళ్ళు. ముద్రల మెట్ట ఎంతో దూరం లేదు. పోయి రావడానికి అరఘడియ చాలు. ఆమె కుండ వైపు చూసింది. అందులో పీత గుల్ల ఉంది. గిజిగాళ్ళ గుల్లలున్నాయి. తన వీపు తడిపిన గుల్లలన్నీ ఉన్నాయి.

"అయ్యగారూ, రెండేళ్ళుగా నేను మీ దగ్గరకు వచ్చాను. ఇవాళ మీరు నా దగ్గరకు వచ్చారు. అంటే ఈ కుండ బరువెక్కిందన్నమాట. ముద్రను ఆరనివ్వండి" అన్నది తుంగమ్మ.

ధవళయ్య రెండుకాళ్ళ మీదా నిలబడి కాసేపు చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

ఆఖరున వాన వచ్చింది. సాయంత్రం మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచింది. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ పొదల్లోకి పరుగెత్తారు. మడుగు ఉబ్బి అలలు ఒడ్డు మీదికి వచ్చాయి. గుర్తు లేని కుండ అటూ ఇటూ ఊగింది. తుంగమ్మ దానికి ఒళ్ళు ఆనించి, కాళ్ళు బురదలోకి దిగేసి, కళ్ళు మూసుకుంది. పొద్దుటి నుంచి పేర్చిన గడ్డి తడిసి చాపలా గట్టిపడి ఆమెకూ కుండకూ కలిపి కట్టులా నిలిచింది. ఆ వానలో, ఆ గడ్డిలో, ఆమె మొదటి గుడ్డు పెట్టింది.

వాన వెలిసేసరికి పొద్దు గుంకుతోంది. తాబేటి తాత నెమ్మదిగా రాయి దిగి వచ్చాడు.

"పొద్దు గుంకిందమ్మా. ఇక లేవచ్చు."

"లేవలేను తాతా."

"కాళ్ళు పట్టేశాయా?"

"కింద గుడ్డుంది."

ధవళయ్య అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. గడ్డి చుట్టూ తిరిగి చూసి, "ఇది గూడు. ముద్ర లేని గూడు. పీకించాలి" అన్నాడు.

"ముందు గుల్లలు లెక్కపెడతాను. అది రాజహంస నాకు చెప్పిన పని" అన్నాడు తాత. లెక్కపెట్టాడు. రెల్లుపువ్వు కుండలో అరవై. చేపముల్లు కుండలో డెబ్బై. గుర్తు లేని కుండలో మూడువందల పన్నెండు.

"మొగలిరేవు తుంగమ్మది" అన్నాడు తాత.

"కావచ్చు. గూడు మాత్రం ముద్ర లేనిది. మూడు రోజులు గడువిస్తున్నాను. సభ కూడే రోజు పొద్దుటికి ముద్ర లేకపోతే నా మనుషులు వచ్చి పీకుతారు" అన్నాడు ధవళయ్య.

మరి మిగిలిన పది రేవుల్లో ఏం జరిగింది?

ఇసుకతిన్నె చల్లగా, హాయిగా ఉండే చోటు. అందుకని పొద్దున్నే నలభైమంది అక్కడి కుండ దగ్గరే కూర్చోవడానికి వచ్చారు. నలభైమంది ఉన్నారు కదా, నేనొక్కణ్ణి లేస్తే ఏమవుతుందని ఒకడు లేచాడు. ముప్ఫైతొమ్మిదిమంది ఉన్నారు కదా అని ఇంకొకడు లేచాడు. ఆఖరున మిగిలింది గంగన్న. చేప ఒకటి ఎగిరింది. ముద్ర సంగతి మరిచి గంగన్న నీళ్ళలో దూకాడు. తాబేలు వచ్చి కుండ బోర్లించింది.

చిత్తడిరేవులో డప్పయ్య మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. మేను ఎండి బిగిసింది. "చిటికెలో వస్తా" అని బురదలోకి దిగాడు. బురద చల్లగా ఉంది. లేచి చూసేసరికి కుండ బోర్లా పడి ఉంది.

మిగిలిన ఎనిమిది రేవులకూ ఎవరూ వెళ్ళలేదు. ఎవరో ఒకరు వెళ్ళి ఉంటారులే అని అందరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దున ఇసుకతిన్నె మీద కూటమి కలిసింది. అంతా కలిసినా పిడికెడుమంది లేరు.

"నువ్వు చేప కోసం దూకకపోతే ఈ రేవు మనదే" అన్నాడు డప్పయ్య.

"నువ్వు బురదలో పడుకోకపోతే ఆ రేవూ మనదే. అయినా నన్ను అడగడానికి నువ్వెవరు? మన కూటమిలో ఒకరినొకరు అడగడం లేదు కదా" అన్నాడు గంగన్న.

"లేనప్పుడు కూటమెందుకు?"

"ఎందుకో నాకూ తెలియదు."

అలా అని చెరొక దారి పట్టారు. నలభై రోజుల కింద పుట్టిన ముద్రలొద్దు కూటమి ఆ పొద్దుతో ముగిసింది.

సభలో కొంగలకు అయిదు రేవులు వచ్చాయి. గూడబాతులకు అయిదు వచ్చాయి. మిగిలిన ఒక్కటి తుంగమ్మది. అంటే ఏమిటో చూశారా? ఆమె ఎటు ఉంటే కొలువు అటు.

మొదటిరోజు కొంగల తరఫున ధవళయ్యే వచ్చాడు. గొంతు మారింది. "మా జట్టులోకి రామ్మా. ముద్రల ఉద్యోగం నీకే ఇప్పిస్తాను. ఎవరికి గూడుండాలో ఎవరికి ఉండకూడదో నువ్వే తేల్చు."

"నేను తేల్చేదేముంది అయ్యగారూ. గుడ్లు పెట్టేవాళ్ళకు తెలుసు" అన్నది తుంగమ్మ. ఆనాటికి ఆమె కింద రెండు గుడ్లున్నాయి.

రెండోరోజు గూడబాతుల పెద్ద సంచయ్య వచ్చాడు. దవడ కింద సంచి ఊపుకుంటూ, "నీ గూటికి ముద్ర అక్కర్లేదని రాయిస్తాను చెల్లెమ్మా. ఈ ఒక్క గూటికి. మా వైపు ఒక్క గుల్ల వెయ్యి" అన్నాడు.

"మరి డప్పయ్య గొంతు? గంగన్న ఈత?"

"వాళ్ళు కూటమినే విడిచిపెట్టి పోయారు కదా. వాళ్ళ సంగతి ఇంకా నీకెందుకు?"

"వాళ్ళు విడిచారు. నేను విడవలేదు" అన్నది తుంగమ్మ. ఆమె కింద మూడు గుడ్లున్నాయి. గడువు ఒక్క రాత్రే ఉంది.

మూడోరోజు పొద్దున్నే ధవళయ్య మనుషులు గూడు పీకడానికి వచ్చారు. అదే వేళకు సభకు రమ్మని తాబేటి తాత కబురు తెచ్చాడు.

"పదకొండుమందీ ఉంటేనే సభ. నువ్వు రావాలమ్మా" అన్నాడు తాత.

"నేను లేస్తే వీళ్ళు గూడు పీకుతారు తాతా. సభ కావాలంటే సభనే ఇక్కడికి రమ్మనండి."

తాత చాలాసేపు ఆలోచించాడు. సభ ఫలానాచోట కూడాలని రాజహంస చెప్పలేదు. కబురు వెళ్ళింది. అయిదు కొంగలు, అయిదు గూడబాతులు గొణుక్కుంటూ మొగలిరేవు బురదలోకి నడిచి వచ్చాయి. ముద్ర లేని గూటి చుట్టూ నీలిమడుగు సభ కూర్చుంది.

తుంగమ్మ గూట్లోంచి కదలకుండానే మాట్లాడింది. "నాకు ఉద్యోగం వద్దు. ఏ జట్టులోకీ రాను. గూటికీ, ఈతకూ, కూతకూ ముద్రలు తీసేస్తున్నామని మీ రెండు జట్లలో ఎవరు ముందు గుల్ల వేస్తే, ఈ అయిదేళ్ళూ కొలువు వాళ్ళది. నా గుల్ల వాళ్ళకు. మూడింటిలో ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

"మేము ఒప్పుకోకపోతే?" అన్నాడు ధవళయ్య.

"కూర్చునే ఉంటాను. నాకు అలవాటైంది."

కొంగలు గూడబాతుల వైపు చూశాయి. గూడబాతులు కొంగల వైపు చూశాయి. సంచయ్య సంచి ఒకసారి ఊగింది. ఆ సంచిలోంచి ఒక గుల్ల తీసి గూటి ముందు పడేశాడు. అది చూసి కొంగలు కంగారుగా తమ గుల్లలూ పడేశాయి. కానీ అప్పటికే ఆలస్యమైంది. కొలువు గూడబాతులకు దక్కింది. మూడు ముద్రలూ పోయాయి.

వాగు నోటి దగ్గర మాత్రం తుంగమ్మ పట్టుబట్టి ఒక కర్ర పాతించింది. అక్కడ ఎవరూ గూడు కట్టలేదు. చెప్పిన కారణం అందరికీ అర్థమైంది కాబట్టి.

ఆ సాయంత్రం డప్పయ్య వచ్చాడు. గూటికి కొంచెం దూరంలో ఆగి, తల వంచుకుని నిలబడ్డాడు.

"అక్కా, కూటమిని మళ్ళీ కడదామా? ఈసారి జాబితా రాయి. నేనేమీ అనను."

"జాబితా నేను రాయను తమ్ముడూ. అయిదేళ్ళ తర్వాతి సంగతి అయిదేళ్ళకు చూద్దాం. రేపు పొద్దున నేను మేతకు పోవాలి. మూడు రోజులైంది గింజ ముట్టి."

డప్పయ్య తల ఎత్తి అన్నాడు: "నువ్వు వచ్చేదాకా గూటి దగ్గర నేను కూర్చుంటాను. ఇది నా మాట."

తుంగమ్మ అతన్ని ఒకసారి చూసింది. "సరే" అన్నది.

మర్నాడు డప్పయ్య నాలుగు గుడ్ల పక్కన కూర్చున్నాడు. తూనీగ ఒకటి వచ్చి అతని ముక్కు మీదే వాలింది. నాలుక నోట్లోనే ఉంచుకున్నాడు. చిత్తడిరేవు నుంచి చుట్టాలు బురదలోకి రమ్మని పిలిచారు. వినిపించనట్టే కూర్చున్నాడు. చివరికి ఒక కాకి వచ్చి గూటి అంచున దిగింది. అప్పుడు డప్పయ్య గొంతు విప్పాడు. ఏ అర్జీ పెట్టకుండా, ఏ కొంగ కాలూ అడగకుండా, మేనంతా ఊగేలా అరిచాడు. ఆ అరుపు విని చిత్తడిరేవు కప్పలన్నీ అందుకున్నాయి. మడుగంతా దద్దరిల్లింది. కాకి తిరిగి చూడకుండా పోయింది.

తుంగమ్మ వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. డప్పయ్య చర్మం ఎండి బీటలు వారింది. పొద్దున కూర్చున్న చోటు నుంచి జానెడైనా కదల్లేదు.

ఆమె నీళ్ళలోకి వెళ్ళి, ఒక గుల్ల నిండా నీళ్ళు తెచ్చి, అతని వీపు మీద పోసింది.

కాబట్టి పిల్లలూ, గుర్తుంచుకోండి: ఒకరి ఆజ్ఞ కింద బతకడం ఇష్టం లేనివారు తామిచ్చిన మాటకు తామే కట్టుబడి ఉండాలి, అలా ఉన్నవారి దగ్గరే స్వేచ్ఛ నిలుస్తుంది.